దీప అడిగిన మూడు వారాలు

కొమురెల్లి కూతురు దీప ఇప్పటికి పదకొండు ఆస్పత్రులు కట్టింది. వాటిలో ఒక్కదాని గుమ్మమైనా తొక్కలేదు. అవి ఎక్కడెక్కడో ఎడారి దేశాల్లో, చలి దేశాల్లో లేచి నిలబడ్డాయి. ఈమె మాత్రం గోదావరిఖనిలో, అద్దె ఇంటి ముందు గదిలో, ప్లాస్టిక్ కుర్చీ మీద పాత దిండు వేసుకుని కూర్చుని వాటికి నీళ్ల పైపులు, గాలి గొట్టాలు బిగించింది. అంతా కంప్యూటర్లోనే. ముందు కంప్యూటర్లో కట్టడం తప్పు లేకుండా నిలబడాలి, ఆ తర్వాతే నేల మీద గడ్డపార పడాలి. అదీ ఆమె ఉద్యోగం. గల్లీలో ఆడవాళ్లు "దీప ఏందో కంప్యూటర్ల బొమ్మలేస్తదట" అని చెప్పుకునేవారు. చెప్పుకోనివ్వండి, కానీ ఆ బొమ్మల సంగతి కాస్త తెలుసుకోకపోతే దీప ఏం పోగొట్టుకుందో మనకు అర్థం కాదు.

ఆ బొమ్మలో గోడ గీస్తే అది గీత కాదు, గోడే. దాని మందం, ఎత్తు, ఎన్ని ఇటుకలు పడతాయి, ఏ తారీఖున కడతారు, అన్నీ దాని కడుపులోనే ఉంటాయి. కిందికి రావాల్సిన పైపు పొరపాటున దూలంలోంచి దూసుకొస్తే ఆ చోటు ఎర్రగా వెలుగుతుంది. దాన్ని క్లాష్ అంటారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ ఎరుపును వెతికి పట్టుకోవడమే దీప పని. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి, ఆర్నెల్లు హైదరాబాదులో ఈ విద్య నేర్చుకుని, అక్కడి కంపెనీకే ఇంటి నుంచి పని చేసేది. "తప్పు తెర మీద జరిగితే ఒక్క నొక్కుతో పోతుంది, గోడ మీద జరిగితే సుత్తె పట్టాల్సిందే" అని ఆమె పై అధికారి రవికాంత్ ఎప్పుడూ అంటుండేవాడు. ఆ మాట దీపకు వేదవాక్కు.

ఇక కొమురెల్లి. ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయిలో టింబర్‌మన్. బొగ్గు తీసినకొద్దీ పైకప్పు కూలకుండా దుంగలు, దిమ్మలు నిలబెట్టేవాడు. ఇనుపరాడ్డుతో కప్పును కొట్టి చప్పుడు వింటాడు. గణగణమంటే గట్టిది, డొల్లగా పలికితే కింద నిలబడొద్దు. అతను సరేనంటేగానీ షిఫ్టులో ఎవడూ అడుగు ముందుకు వెయ్యడు, ఎంత తొందరున్నా సరే. అంతమంది నెత్తిన కప్పు పడకుండా చూసినవాడికి సొంత కప్పంటూ లేదు. రిటైరవ్వగానే కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, భార్య పూలమ్మను, ఒక్కగానొక్క బిడ్డ దీపను తీసుకుని అద్దె ఇంటికి మారాడు. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో మిగిలిపోయింది. నాలుగు మెట్లెక్కితే ఐదో మెట్టు మీద కూర్చునేవాడు.

సొంతిల్లు మీద ఆయనకు మొదట్నుంచీ ఆరాటమేమీ లేదు. అది ఒక వానరోజున పుట్టింది. బాయిలో తన జతగాడు జగదీశ్వర్ దవాఖానలో పోతే, శవాన్ని అతనుండే అద్దె ఇంటికి తెచ్చారు. ఇంటి ఓనరు గేటు తీయలేదు. అద్దె ఇంట్లోకి శవాన్ని రానివ్వరు. ఈ వైపంతా ఉన్న పద్ధతే ఇది. ఓనర్లు రాక్షసులేం కారు. చెడు నక్షత్రంలో చావైతే ఇంటిని ఆర్నెల్లు పాడుపెట్టాలి, అప్పుడు మేమెక్కడికి పోవాలని వాళ్ల ఏడుపు వాళ్లది. మరి పోయినవాడి ఏడుపు ఎవడు వినాలి? జగదీశ్వర్‌ను గల్లీలో, మోరీ కాలువ పక్కన, టార్పాలిన్ కింద పడుకోబెట్టారు. టార్పాలిన్ చిల్లులోంచి నీళ్లు ముఖం మీద పడుతుంటే భార్య గొడుగు పట్టుకుని కూర్చుంది. కొమురెల్లి ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

"పూలమ్మా, నేను రోడ్డు మీద పండ. ఎట్లన్న జేసి సొంతింట్లనే పోత. గదొక్కటి జరగాలె," అన్నాడు.

"అప్పుడే పోయే ముచ్చటేంది?" అని పూలమ్మ కసిరింది. దీప మాత్రం తెరమీద నుంచి తలెత్తి తండ్రి ముఖం చూసింది. అంతకుముందు ఆయన తనకోసం ఏదీ అడిగింది లేదు.

ఊరవతల వంద గజాల జాగ కొన్నారు. మేస్త్రీ ఎల్లేశాన్ని మాట్లాడారు. నలభై ఏళ్లుగా గుండుదారం, లెవెల్ పైపు తప్ప ఇంకో యంత్రం ఎరగనివాడు. కాగితం మీద ప్లానంటేనే ఆయనకు నవ్వు. జాగలో నాలుగు మూలలూ అడుగులతో కొలిచి, "ఇక్కడ వంటిల్లు, ఇక్కడ దేవుడర్ర" అని చెప్పేస్తాడు. అలాంటాయన ముందు దీప ల్యాప్‌టాప్ తెరిచి ఇంటిని గిర్రున తిప్పి చూపించింది. ఎల్లేశం కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"మంచిగనే ఉన్నది బిడ్డా. సిమెంటు లేకుండ, నీళ్లు కొట్టకుండ గింత పెద్ద ఇల్లు గట్టినవు. ఇగ నాతోని పనేంది?" అన్నాడు. కొమురెల్లి నవ్వీ నవ్వీ దగ్గులో పడ్డాడు.

ఆ రోజు నుంచి సాయంత్రం ఆరు కాగానే దీప ఆఫీసు పని మూసేసి ఇంటి మోడల్ తెరిచేది. తండ్రి పక్కన స్టూలు వేసుకునేవాడు. ఏ గదిలోకి తీసుకుపోయినా ఆయన అడిగేది ఒకటే, "పైకి సూపియ్యి." ముందు కప్పు చూడాలి, ఆ తర్వాతే కిటికీలూ తలుపులూ. వంటింటి కిటికీ ఇంకాస్త పెద్దది చేయమన్నాడు, పూలమ్మకు పొగ తగలకూడదని. ముందర అరుగు పెట్టమన్నాడు, బాయి దోస్తులు వస్తే కూర్చోవాలని. దీప మౌస్‌తో గోడను పట్టుకుని జరిపితే గోడ జరిగిపోయేది.

"గోడ గింత జల్ది జరిగెటట్టుంటే, బాయిల మేం అంత గోస ఎందుకు వడ్డం బిడ్డా?" అనేవాడు.

అయ్యగారు పంచాంగం చూసి వైశాఖంలో ఒక మంచిరోజు చెప్పారు. ఆ రోజు ముగ్గు పోయాలి. ఇక్కడ ఇల్లు మొదలుపెట్టడాన్ని అలాగే అంటారు. నేల మీద సున్నంతో పునాది గీతలు పోస్తే ఇల్లు మొదలైనట్టు. రోజు దగ్గరికొచ్చింది. సరిగ్గా అప్పుడే రవికాంత్ ఫోన్ చేశాడు.

"దీపా, నెలాఖరుకు పెద్ద మీటింగు ఉంది. మీ ఇంటి మోడల్ చూశాను, చాలా బాగుంది. దాన్ని పూర్తిగా చెయ్యి. ఒక్క వైరు, ఒక్క టైలు కూడా వదలకు. నేల మీద పని మొదలవ్వకముందే ఇల్లు మొత్తం కంప్యూటర్లో పూర్తైపోయిందని చూపించాలి. అదే దాని గొప్ప. టీమ్ లీడ్ పోస్టు ఖాళీగా ఉంది, నీకు తెలుసు కదా," అన్నాడు.

తెలుసు. ఆరేళ్లుగా అదే కుర్చీలో కూర్చున్న మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది? తన వెనక వచ్చినవాళ్లు తనకు పని చెప్పే స్థాయికి వెళ్లారు. ఊళ్లో ఉండి పని చేసే ఆడపిల్ల కదా, ఎవరికీ గుర్తురాదు. ఆమె ఆశపడింది. ఆశపడటం పాపమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కానీ ఎల్లేశం గడ్డపార వేశాడంటే తన పద్ధతిలో పోతాడు. మోడల్ ఒకటి, ఇల్లు ఒకటి అవుతాయి. అందుకని దీప ఆ సాయంత్రం తండ్రితో ఒక మాట అంది.

"బాపూ, మెట్లకాడ క్లాష్ వచ్చింది. దూలం తలకాయకు తగుల్తది. సరిజెయ్యాలంటే మూడు వారాలు పడ్తది. ముగ్గు అప్పటిదాంక ఆపుదాం."

మెట్ల దగ్గర క్లాష్ వచ్చిన మాట నిజమే. మంగళవారం వచ్చింది. మెట్లను అవతలి వైపు తిప్పి మంగళవారం సాయంత్రమే దాన్ని సరిచేసింది కూడా. ఈ మాట చెప్పింది శుక్రవారం.

పక్కనే ఉన్న ఎల్లేశం గొణిగాడు. "మెట్లు ఆఖర్ల ముచ్చట బిడ్డా. ముగ్గయితే పోసుకుందం. మల్ల మంచిరోజు ఎప్పుడున్నదో అయ్యగారినన్న అడుగు."

"దొరుకుతది మామా. మంచిరోజులకేం కరువు?" అంది దీప. ముహూర్తాలంటే బస్సుల్లాంటివని ఆమె అనుకుంది. ఇది పోతే వెనకాల ఇంకొకటి వస్తుందని.

కొమురెల్లి ఎల్లేశం మాటకు అడ్డుపడ్డాడు. "ఆగు ఎల్లేశం. బాయిల టింబర్‌మన్ సరే అన్నంకనే లోపట్కి పోతం. తొందరపడ్డోడు బతకడు. గీ ఇంటికి నా బిడ్డనే టింబర్‌మన్. అది ఆగుమంటే ఆగుడే," అన్నాడు.

బాయిలో పుట్టిన అలవాటది. తనకన్నా తెలిసినవాడు ఆగమంటే ఎందుకని అడగకూడదు. వేరే ఇంట్లో అయితే తండ్రి రెండు మాటలు తిట్టి ముగ్గు పోయించేవాడేమో. ఈ ఇంట్లో ఆ నమ్మకమే కొంప ముంచింది. దీప తండ్రి ముఖం చూడకుండా ల్యాప్‌టాప్ మూసేసింది.

మూడు వారాలు కష్టపడింది. మోడల్ ఎంత బాగా వచ్చిందంటే, మీటింగులో అందరూ చప్పట్లు కొట్టారట. ఆ ఇల్లు ఏ రోజు ఎంతవరకు లేస్తుందో కూడా అందులో కట్టి చూపించింది. ఆదివారాలు తీసేసింది, వానలకు రోజులు వదిలింది, ఎల్లేశం తన కూతురింటికి బోనాలకు పోతాడని రెండు రోజులు కూడా వదిలింది. టీమ్ లీడ్ అయింది. ఆ మర్నాడు సంబరంగా అయ్యగారి దగ్గరికి వెళ్లి మంచిరోజు అడిగింది.

అయ్యగారు పంచాంగం మూసి ఒళ్లో పెట్టుకున్నారు. "వైశాఖం దాటినంక ఇంకేమున్నదమ్మా? జ్యేష్ఠంల గురుమూఢం. అటెన్క ఆషాఢం. ఏదున్నా శ్రావణంలనే," అన్నారు.

మూఢమంటే గురువో శుక్రుడో సూర్యుడి వెలుగులో కనపడకుండా పోయే రోజులు. పెళ్లి చేయరు, ఇల్లు మొదలుపెట్టరు, కొత్తింట్లో అడుగు పెట్టరు. చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. బోనాలు గుర్తుపెట్టుకున్న దీప మూఢాన్ని మరిచిపోయింది. అడిగింది మూడు వారాలు, పోయింది దాదాపు మూడు నెలలు. ఇంటికొచ్చి చెబితే తండ్రి, "పోనియ్యి బిడ్డా. కప్పు గట్టిగుంటే సాలు," అన్నాడు. బిడ్డకు పెద్ద పోస్టు వచ్చిందని చాయ్ హోటల్లో దోస్తులందరికీ మిఠాయి పంచి వచ్చాడు. ఆ మిఠాయి ముక్క ఒకటి దీప చేతిలోనూ పెట్టాడు. ఆమె దాన్ని తినకుండా కాగితంలో చుట్టి పెట్టేసింది.

శ్రావణంలో ముగ్గు పోశారు. పోశారో లేదో వానలు పట్టుకున్నాయి. పునాది గుంతల్లో నీళ్లు నిలిచి వారం, ఇసుక దొరక్క ఇంకో వారం. ఎల్లేశం మంచి పనివాడే, కానీ ఆకాశాన్ని ఆపలేడు కదా. దసరా దాటాక గానీ స్లాబు పడలేదు. చెక్కలు ఊడదీసిన రోజున కొమురెల్లి ఆటోలో వచ్చాడు. కిందికి వంగలేక ఎల్లేశాన్ని రాడ్డు అందివ్వమన్నాడు. రెండు చేతులతో దాన్ని ఎత్తి స్లాబును కొట్టి, కళ్లు మూసుకుని విన్నాడు. ఇంకోచోట కొట్టాడు. ఆ రెండు దెబ్బలకే ఊపిరాడక ఇసుక కుప్ప మీద కూలబడ్డాడు.

"మంచిగ పలుకుతున్నది," అన్నాడు రొప్పుతూ. ఆయన ముఖం అంత వెలగడం దీప ఎప్పుడూ చూడలేదు.

కార్తీకంలో గృహప్రవేశానికి ఆఖరి ముహూర్తం వచ్చేసరికి గోడల గచ్చు ఇంకా తడిగానే ఉంది, తలుపులు ఎక్కించలేదు. తలుపుల్లేని ఇంట్లో ప్రవేశం పనికిరాదని అయ్యగారు తేల్చేశారు. ఆ తర్వాత శుక్రమూఢం. మళ్లీ మాఘం వెళ్లాకే మంచిరోజు. ఆ మధ్యాహ్నం దీప ఒంటరిగా ఇంటి షెడ్యూల్ తెరిచింది. ముగ్గు పోసిన తారీఖును పట్టుకుని వెనక్కి, వైశాఖంలో మొదట అనుకున్న రోజు మీదికి లాగింది. ఇల్లంతా దానంతటదే వెనక్కి జరిగింది. వానలకు ముందే స్లాబు, దసరాకు తలుపులు, కార్తీకానికి ముందే ప్రవేశం. కంప్యూటర్‌కు ఆ లెక్క తేల్చడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. దీప ఆ షెడ్యూల్ మూసి, స్నానాల గదిలోకి వెళ్లి నల్లా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

పుష్యమాసం చలికి కొమురెల్లి మంచం పట్టాడు. ముక్కుకు గాలి గొట్టం, పక్కన గుర్రుమనే మిషను. కొత్తిల్లు పూర్తయి, రంగులతో సహా సిద్ధంగా, తాళంతో ఉంది. దీపకు ఇక ఆగాలనిపించలేదు.

"బాపూ, ఇంట్లకు పోదాం. పాలు పొంగిచ్చుకుందం. మూఢం లేదు గీఢం లేదు. నాకు గవ్విటి మీద నమ్మకం లేదు," అంది.

తండ్రి తల అడ్డంగా ఊపాడు. మాటకు మాటకు మధ్య ఆగి ఆగి చెప్పాడు. "నీకు లేకున్నా నాకున్నది బిడ్డా. నేను ఎన్నొద్దులుంట? ఆ ఇంట్ల బతికేది నువ్వు, మీ అవ్వ. రేపు నీకేదన్న అయితే, మూఢంల అడుగు వెట్టవట్టే గిట్లయిందని అందరంటరు. నా ఒక్కని కోసం మీ నెత్తి మీద గా మాట వెట్టిపోవాల్నా?"

"మరి నువ్వు..." అని దీప ఆగిపోయింది.

"మాఘం ఎల్లెదాంక ఉంట తియ్యి," అన్నాడు. ఆ మాట అబద్ధమని ఇద్దరికీ తెలుసు. పూలమ్మ తలగడ సర్దుతూ గోడవైపు తిరిగింది.

నాలుగు రోజులకు ఊపిరి మరీ బరువై దవాఖానలో చేర్చారు. ఒక సాయంత్రం ఆయన కళ్లతో ల్యాప్‌టాప్ వైపు సైగ చేశాడు. దీప మోడల్ తెరిచి మంచం మీద పెట్టింది. వాకిట్లోంచి లోపలికి తీసుకెళ్లింది. ముందు గది మధ్యలో ఆపి, అడగకముందే పైకి తిప్పింది. తెల్లటి కప్పు తెర నిండా పరుచుకుంది.

"ఇంట్లున్నట్టే ఉన్నది," అన్నాడు కొమురెల్లి. కళ్ల కొనల్లో నీళ్లు. తుడవడానికి ఆయన చెయ్యి లేవలేదు, దీపే తుడిచింది.

ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడే చెప్పేయాలి అనుకుంది. "బాపూ, అప్పుడు మెట్లని చెప్పిన గదా..." అని మొదలుపెట్టింది. ఆయన ఏమిటన్నట్టు చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. బిడ్డ మెట్ల గురించి ఇంకేదో ముచ్చట చెబుతుందన్న ఆసక్తి ఉంది, అంతే. "మెట్లు మంచిగొచ్చినయి," అంది దీప. రేపు చెబుదామనుకుంది. మనందరం అలాగే అనుకుంటాం, రేపనేది మన జేబులో ఉన్నట్టు. మర్నాడు పొద్దున పదిన్నరకు కొమురెల్లి పోయాడు.

ఇంటి ఓనరమ్మ లలితాంబ దవాఖానకే వచ్చింది. కోస్తా నుంచి నలభై ఏళ్ల కిందట వచ్చి స్థిరపడిన కుటుంబం. పండక్కి పిండివంట పంపకుండా ఉండని మనిషి. దీప చేతులు పట్టుకుని ముందు ఆమే ఏడ్చింది.

"ఏమనుకోకమ్మా. చెప్పలేక చెబుతున్నాను. మా అమ్మాయి సుహాసినికి మూఢం వెళ్లగానే పెళ్లి. ఇంట్లో ఇప్పుడు... నీకు తెలియనిదేముంది తల్లీ," అంది.

"తెలుసు ఆంటీ," అంది దీప. నిజంగానే ఆమె మీద కోపం రాలేదు. కోపం ఎవరి మీద రావాలో దీపకు తెలుసు.

శవం బండి దవాఖాన గేటు దగ్గర నిలబడి ఉంది. ఎక్కడికి పోవాలో చెప్పమని డ్రైవరు రెండుసార్లు అడిగాడు. చెప్పడానికి చోటు లేదు. కొమురెల్లి పుట్టిన ఊరు కమాన్‌పూర్ పక్కన ఉండేది, ఓపెన్‌కాస్టు బొగ్గు గుంతలో ఎప్పుడో కలిసిపోయింది. తమ్ముడు సదయ్య అల్లుడింట్లో ఉంటున్నాడు, అల్లుడింటికి అన్న శవాన్ని తీసుకుపోలేడు. దీప తాళంచెవి తీసింది.

"కొత్తింటికి పోనియ్యి," అంది డ్రైవరుతో.

పూలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "వద్దు బిడ్డా. బతికుండంగనే వద్దన్నడు. సచ్చినంక ఆయన మాట నేను దాట. బతికినోళ్లు అడుగువెట్టని ఇంట్ల పీనుగును వెడ్తమా?" అంది. అంత ఏడుపులోనూ ఆ మాట గట్టిగా చెప్పింది. ఎల్లేశం ముందుకొచ్చాడు.

"ఇంట్ల వద్దు. మనం సిమెంటు బస్తాలు వేసిన రేకుల షెడ్డున్నది గదా, అండ్ల పండవెడుదం. ఇల్లు మూఢంల ఉన్నది గని, జాగకు మూఢమేంది? జాగ ఆయినదే," అన్నాడు.

ఇంటి పక్కనే ఆ షెడ్డు. నాలుగు గుంజలు, ఆరు రేకులు. ఖాళీ సంచులు దులిపి, గడ్డి పరిచి కొమురెల్లిని పడుకోబెట్టారు. అక్కడి నుంచి ఇంటి తలుపుకు ఎనిమిది అడుగులు. తలుపుకు తాళం. బాయి దోస్తులు వస్తూ వస్తూ ఇంటిని చూసి, "మంచిగ కట్టిండు," అంటూ, ఆ తర్వాత షెడ్డులోకి చూసి తలపాగా నోటికి అడ్డం పెట్టుకుంటున్నారు. ఆ ఇంట్లో ప్రతి మేకు ఎక్కడుందో దీప మోడల్లో ఉంది. ఈ షెడ్డు లేదు. పని అయిపోగానే పీకేసే దాన్ని ఎవరు గీస్తారు? ఆమె తండ్రి తల దగ్గర కూర్చుని, రేకుల మీద కాకులు నడిచే చప్పుడు వింటూ ఉండిపోయింది. సాయంత్రానికి గోదావరి ఒడ్డున సదయ్య తలకొరివి పెట్టాడు.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, నది ఒడ్డున విస్తరాకులో పెట్టి, దూరంగా కూర్చుంటారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాడికి తీరని కోరిక ఏదో ఉందని అర్థం. అప్పుడు ఒక్కొక్కరే విస్తరి దగ్గరికి వెళ్లి, "నీ బిడ్డను మంచిగ చూసుకుంటం," అనో, "నీ అప్పు మేం తీరుస్తం," అనో మాట ఇస్తారు. దాచుకున్న తప్పుంటే ఒప్పుకుంటారు. ఎవరి మాటకు కాకి వాలితే ఆ మాటే ఆయనకు కావలసిందని చెప్పుకుంటారు. ఒక్కోసారి మిట్టమధ్యాహ్నం దాకా కూర్చోవాల్సి వస్తుంది.

కొమురెల్లి విషయంలో పిట్ట అంత సులువుగా ముట్టదని అందరూ అనుకున్నారు. ఇల్లంత కోరిక మిగిలిపోయింది కదా. సదయ్య తన మాట సిద్ధం చేసుకునే వచ్చాడు. "మూఢం వోంగనే నీ ఫోటో వట్టుకొని ఇంట్ల అడుగు వెడ్తం అన్నా, అని చెప్త," అని దారిలోనే పూలమ్మతో అన్నాడు.

దీప కూడా సిద్ధం చేసుకుంది. రెండు రోజులుగా ఆమె మనసులో ఒకటే మాట తిరుగుతోంది. 'ఆ మూడు వారాలు మెట్ల కోసం గాదు బాపూ. నా కోసం.' దవాఖానలో చెప్పలేకపోయింది, షెడ్డులో అందరి మధ్య చెప్పలేకపోయింది. ఇక్కడ చెప్పొచ్చు. ఇక్కడ అందరూ దూరంగా జరుగుతారు, ఎవరూ వినరు, అడగరు. తప్పు చెప్పుకోవడానికి పెద్దలు పెట్టిన చోటే ఇది. విన్నానని చెప్పడానికి ఒక కాకి వస్తుంది. జీవితంలో మొదటిసారి ఆమె ఇలాంటిదాన్ని నమ్మాలనుకుంది. కాకి ఆలస్యంగా రావాలని, చిన్నాన్న సదయ్య మాటకు రాకూడదని, తన మాటకే రావాలని దేవుణ్ణి వేడుకుంది.

పూలమ్మ విస్తరాకు పరిచింది. మటన్ కూర, గారెలు, సీసాలో కల్లు, పక్కన బీడీ కట్ట. సదయ్య నీళ్లు చల్లి నాలుగడుగులు వెనక్కి వేశాడో లేదో, పైనుంచి ఒక కాకి దిగింది. విస్తరి చుట్టూ తిరగలేదు, అటూ ఇటూ చూడలేదు. నేరుగా వచ్చి మటన్ ముక్క నోట కరుచుకుని లేచిపోయింది. దాని వెనకే ఇంకో రెండు వచ్చి గారెల మీద పడ్డాయి.

"ముట్టింది, ముట్టింది," అన్నారు అందరూ. సదయ్య రెండు చేతులూ పైకెత్తి మొక్కాడు. "మా అన్న మనసుల ఏం వెట్టుకోలేదు. నిమ్మళంగ వోయిండు," అని కండువాతో ముఖం తుడుచుకున్నాడు. పూలమ్మ మూడు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి నిండా పీల్చుకుంది. ఎల్లేశం బీడీ వెలిగించుకున్నాడు. ఆడవాళ్లు గిన్నెలు సర్దడం మొదలుపెట్టారు.

దీప అక్కడే మోకాళ్ల మీద కూర్చుని ఉంది. చేతులు ఇంకా జోడించనే లేదు. విస్తరి దగ్గరికి వెళ్లి మాట చెప్పమని ఆమెను ఎవరూ అడగలేదు, ఇక అడగనవసరం కూడా లేదు. ఆయన ఏమీ మిగుల్చుకోకుండా వెళ్లిపోయాడు. మిగిలిందంతా ఈమె దగ్గరే ఉండిపోయింది.

"లెవ్వు బిడ్డా. తానం జెయ్యాలె," అని పూలమ్మ ఆమె భుజం పట్టుకుని లేపింది. "ఎనకకు సూడకు. సూడద్దు."

దీప లేచి తల్లి వెంట నీళ్లలోకి నడిచింది. వెనక్కి చూడలేదు. చూసినా, అక్కడ వినేవాళ్లు ఎవరున్నారు?